ఏఐ వల్ల మామూలు జనం బతుకులో ఏం మారుతుంది? నెట్ సెంటర్ కౌంటర్ వెనక నుంచి ఒక జవాబు

"ఏఐ మన రోజువారీ జీవితాన్ని, సమాజాన్ని ఎలా మార్చబోతోంది? సాఫ్ట్‌వేర్ వాళ్లకేనా, మామూలు జనానికి కూడా దాని సెగ తగులుతుందా?" అని అడిగారు.

తగలడం ఎప్పుడో మొదలైంది. మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. బస్టాండు ఎదురుగా నాకో చిన్న షాపు ఉంది. జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, పాస్‌పోర్టు ఫొటోలు, ఫ్లెక్సీ డిజైన్లు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు... ఏది వస్తే అది. ఏఐ లోపల ఎలా పనిచేస్తుందో చెప్పేంత చదువు నాకు లేదు. కానీ జనం ఏ పని మీద నా దగ్గరికి రావడం మానేశారో, కొత్తగా ఏ పని మీద వస్తున్నారో మాత్రం రోజూ చూస్తూనే ఉన్నాను.

మానేసిన వాటిలో మొదటిది అర్జీ. ఇదివరకు తహసీల్దారుకో, ఎస్సైకో, కరెంటాఫీసుకో అర్జీ పెట్టాలంటే నా ముందు కూర్చుని కథంతా చెప్పేవాళ్లు. నేను టైపు కొట్టి 50 రూపాయలు తీసుకునేవాణ్ని. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చినప్పుడు మా దగ్గర ఎవరికీ పట్టలేదు. తర్వాత వాట్సాప్‌లోనే మెటా ఏఐ అనే ఆ నీలిరంగు గుండ్రం వచ్చింది. 2025లో సిమ్ కంపెనీలు రీఛార్జితో పాటు ఏఐని ఫ్రీగా ఇచ్చాయి. ఇక అంతే, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని తెలుగులో మాట్లాడటం, వచ్చిన అర్జీని నాకు వాట్సాప్ చేయడం. నాకు మిగిలింది ప్రింటు డబ్బులు.

ఆ అర్జీలు చదివితే ఒక్కోసారి నవ్వొస్తుంది. "మా పొలం హద్దురాళ్లు పీకివేసిన విషయాన్ని మీ దృష్టికి తీసుకురావడానికి సంతోషిస్తున్నాను" అని ఉంటుంది. సంతోషమేమిటి నాయనా! భాష మాత్రం ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. ఉండాల్సిన సర్వే నంబరు ఉండదు. ఉండాల్సిన చోట "సర్వే నంబరును ఇక్కడ పేర్కొనండి" అనే ఉంటుంది. దాన్ని అలాగే ప్రింటు తీయించుకుని ఆఫీసులో ఇచ్చి వచ్చినవాళ్లు ఉన్నారు. నేనైతే ముందు పట్టా పాసుబుక్ తెమ్మని, నంబరు చూసి, ఆ తర్వాతే టైపు మొదలుపెట్టేవాణ్ని.

అయినా నా గిరాకీ పోయిందని ఏఐని తిట్టలేను. ఒక సంగతి చూశాను. మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని, అత్తింటివాళ్లు బంగారం లాక్కున్నారని నా ముందు నోరు విప్పి చెప్పుకోవడానికి ఆడవాళ్లు ఎంత నలిగిపోయేవాళ్లో నాకు తెలుసు. నేను ఊళ్లోవాణ్ని. వాళ్ల ఇంటాయనకు తెలిసినవాణ్ని. పైగా వెనక క్యూలో ఇంకో నలుగురు చెవులు రిక్కించి ఉంటారు. ఇప్పుడు ఆ మాటలు ఇంట్లోనే ఫోన్‌కు చెప్పుకుని, ఫైలు పంపి, ప్రింటు మడతపెట్టి తీసుకెళ్తున్నారు. చదువు రాకపోవడం వల్ల మనిషి తన కష్టాన్ని ఊరందరి ముందు విప్పుకోవాల్సి వచ్చేది. ఆ బాధ కొంత తప్పింది. ఆ మాటలు విన్న ఫోను వాటిని ఎక్కడ దాచుకుంటుందనేది వేరే దిగులు.

ఇక కొత్తగా పెరిగిన పని ఫొటోలు. మా వైపు మనిషి పోతే పెద్దకర్మకు ఫ్లెక్సీ కట్టడం ఆనవాయితీ. పాతకాలం వాళ్లకు మంచి ఫొటో ఉండదు. పాత ఓటరు కార్డు మీద బొమ్మో, ఎవరి పెళ్లి గ్రూపు ఫొటోలోనో వెనక వరసలో కనబడే ముఖమో తెస్తారు. ఇదివరకు ఫొటోషాప్‌లో గంటలు గంటలు తంటాలు పడేవాణ్ని. ఇప్పుడు ఏఐకి ఇస్తే నిమిషంలో కళ్లు, మీసం, చొక్కా గుండీలతో సహా తేటగా వచ్చేస్తుంది.

ఆమధ్య ఒక పెద్దాయన ఫొటో అలాగే చేశాను. డెబ్బై దాటి పోయిన మనిషి. చిన్నప్పుడు అమ్మవారు పోసి బతికి బయటపడ్డవాడు, చెంపల నిండా గుంటలు. మన దేశంలో మశూచి 1975 నాటికి పోయింది కాబట్టి ఆ మచ్చలున్న ముఖాలు ఇప్పుడు యాభై ఏళ్లకు అటూఇటూ, ఆ పైన వయసువాళ్లవే. ఏఐ ఆ మచ్చలను ఫొటో పాడై వచ్చిన గరుకు అనుకుంది. చెంపలు నున్నగా చేసి, రంగు రెండు పాళ్లు తెల్లబరిచి, సీరియల్లో తండ్రి వేషం వేసే వాడిలా తయారుచేసింది. కొడుకు "సూపర్ అన్నా, ఫైనల్ చెయ్" అన్నాడు. వెనక నిలబడ్డ ముసలమ్మ స్క్రీన్ దగ్గరికి వచ్చి చూసి, "ఈయనెవరు బిడ్డా?" అంది. మచ్చలన్నీ మళ్లీ పెట్టించింది. ఎడమ చెంప మీద ఎక్కువ, కుడి వైపు తక్కువ అని చెప్పి మరీ పెట్టించింది.

ఏఐ ఎక్కువగా చూసింది మచ్చల్లేని ముఖాలను. తనకు అలవాటు లేనిదాన్ని తప్పు అనుకుని దిద్దేస్తుంది. పక్కన ఆ మనిషిని ఎరిగినవాళ్లు ఒకరు నిలబడితే ఏ ఇబ్బందీ లేదు, వద్దంటే మార్చేస్తుంది. మీ ప్రశ్నకు నా జవాబంతా ఈ "పక్కన ఎవరున్నారు" అన్నదాని మీదే ఉంది.

మిర్చి సంగతి చూడండి. 2021 చివర్లో నల్ల తామర పురుగు వచ్చి ఖమ్మం, వరంగల్, గుంటూరు వైపు తోటలను ఎలా ఊడ్చిందో ఇక్కడ ఎవర్ని అడిగినా చెప్తారు. అప్పట్నుంచి ఆకు కొంచెం ముడుచుకుంటే చాలు రైతుకు గుండె దడ. ఆకు తెంపుకుని జేబులో పెట్టుకుని మందుల షాపుకు పోవడం పాత పద్ధతి. ఇప్పుడు ఫొటో తీసి ఏఐని అడుగుతున్నారు. మా షాపు అరుగు మీదే ఒక కుర్రాడు వాళ్ల నాన్న తోట ఆకు ఫొటో తీసి అడిగితే నల్లి అని చెప్పింది, మందు పేరు కూడా చెప్పింది. మిర్చిలో ఆకు అంచులు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి. దానికి వేరే మందు, దీనికి వేరే మందు. వీడు ఆకును తెంపి అరచేతిలో బోర్లా పెట్టి ఫొటో తీశాడు. పైముడత కిందిముడత అయిపోయింది. వాళ్ల నాన్న ఫోన్ వైపు కూడా చూడకుండా ఆకు అందుకుని తిరగేసి, "తామర పురుగురా" అన్నాడు. అదే ఫొటోను ఆకు తిప్పి మళ్లీ తీస్తే ఏఐ కూడా సరిగ్గానే చెప్పింది, నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని కూడా చెప్పింది. ఆ నాన్న పక్కన లేకపోతే ఎకరాకు రెండు వేల మందు నేలపాలు.

వ్యవసాయంలో ఏఐ పనికిరాదని చెప్పడానికి ఇది రాయలేదు. చాట్‌జీపీటీ పేరు ఎవరూ వినకముందే, 2016 ఖరీఫ్‌లో, కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపాయి. తొలకరి పడగానే విత్తేయకుండా జూన్ చివరి వారం దాకా ఆగమని అందులో ఉంది. ఏళ్ల తరబడి వానల లెక్కలు, నేలలో తేమ చూసి కంప్యూటర్ తేల్చిన తేదీ అది. ఆగి విత్తినవాళ్లకు హెక్టారుకు సగటున 30 శాతం దిగుబడి ఎక్కువ వచ్చిందని ఇక్రిశాట్ చెప్పింది. స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు, డబ్బా ఫోన్ చాలు. మా ఖమ్మంలోనూ "సాగు బాగు" పేరుతో దాదాపు 7 వేల మంది మిర్చి రైతులతో ఇలాంటి ప్రయత్నం జరిగింది. వీటిలో నాకు నచ్చిందేమిటంటే, ఫోన్‌కు వచ్చింది సలహా. వినాలా వద్దా అన్నది రైతు చేతిలోనే ఉంది.

సలహా ఇచ్చేదే నిర్ణయం కూడా తీసుకోవడం మొదలుపెడితే కథ మారిపోతుంది. ఇది రేపెప్పుడో జరగబోయే సంగతి అనుకోకండి. తెలంగాణలో "సమగ్ర వేదిక" అని ఒక వ్యవస్థ ఉంది. వాహనాలు, భూములు, పన్నులు, కరెంటు ఇలా రకరకాల శాఖల రికార్డులను పేర్లు, అడ్రసులు పోల్చి ఒకే మనిషి కిందికి తెస్తుంది. రేషన్ కార్డులకు ఎవరు అర్హులో తేల్చడానికి దాన్ని వాడారు. 2016 తర్వాత రద్దైన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. రిక్షా తొక్కి బతికినాయన పేరు మీద కారు ఉందని చూపించి, ఆ కుటుంబానికి కార్డు లేకుండా చేసిన హైదరాబాద్ ఉదంతం పత్రికల్లో వచ్చింది.

పేర్లు పోల్చడం ఎంత తలనొప్పో దరఖాస్తులు నింపే నాకు తెలుసు. మన లక్ష్మికి ఇంగ్లిషులో కనీసం మూడు స్పెల్లింగులు. ఇంటిపేరు ఆధార్‌లో ముందు ఉంటుంది, బ్యాంకులో వెనక ఉంటుంది, ఓటరు కార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది. ఊరికి పది మంది వెంకటేశ్వర్లు, అందులో నలుగురి తండ్రుల పేర్లు కూడా ఒకటే. మనుషులమైతే "చెరువుకట్ట కింద వెంకటేశ్వర్లు" అని గుర్తుపడతాం. ఆ గుర్తు ఏ డేటాబేసులోనూ లేదు.

ఒక పథకానికి దరఖాస్తు చేసుకున్న ఒక ఆడమనిషి స్టేటస్ చూడమని వచ్చింది. ఏ పథకమో, ఏ ఆఫీసో ఇక్కడ వద్దులెండి. "అనర్హులు: నాలుగు చక్రాల వాహనం" అని ఒక్క లైను వచ్చింది. చదివి వినిపించాను. "ఏ బండన్నా? నాకు సైకిలు తొక్కడం కూడా రాదు" అంది. ఆఫీసుకు పోతే "మేం తీసేయలేదమ్మా, సిస్టమ్‌లో అట్లా వచ్చింది" అన్నారట. వాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే వాళ్లెవరూ తీసేయలేదు. ఇదివరకు పేరు కొట్టేసిన మనిషి ఒకడు ఉండేవాడు. వాడి మీద అరవొచ్చు, కాళ్లావేళ్లా పడొచ్చు, వార్డు మెంబరుతో చెప్పించొచ్చు. వాడు లంచగొండి అయినా సరే, తలుపు తడితే పలికేవాడు.

అందుకే ఆంధ్రాలో 2025 జనవరి 30న "మన మిత్ర" పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చినప్పుడు సరిహద్దు అవతలి చుట్టాలు గొప్పగా చెప్పుకుంటే, నాకు సంతోషమూ కలిగింది, అనుమానమూ కలిగింది. సర్టిఫికెట్ కోసం తిరుగుడు తప్పడం చిన్న విషయం కాదు. కాకపోతే పని జరిగినప్పుడు కౌంటర్ అక్కర్లేదు, జరగనప్పుడే కావాలి. కౌంటర్లు ఎత్తేసేవాళ్లు ఆ రెండో రకం వాళ్ల గురించి కూడా ఆలోచించాలి.

మోసాల గురించి అందరూ రాస్తున్నారు కాబట్టి కొంచెమే చెప్తాను. నా కస్టమర్ ఒక పెద్దాయనకు మనవడి గొంతుతో ఫోనొచ్చింది. "తాతయ్యా, యాక్సిడెంటైంది, అర్జెంటుగా డబ్బు వెయ్" అని. గొంతు అచ్చం వాడిదేనట. అయితే ఆ పిల్లాడు వాళ్ల నాన్న పిలవడం విని చిన్నప్పట్నుంచీ ఆయన్ని "నాయనా" అనే పిలుస్తాడు. ముసలాయన ఫోన్ పెట్టేసి పిల్లాడి పాత నంబరుకు చేశాడు, వాడు హాస్టల్లో అన్నం తింటున్నాడు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆడపిల్లల ఫొటోల సంగతి ఇంతకన్నా ఘోరం. రష్మిక మందన్న ముఖం అతికించిన వీడియో 2023 నవంబరులో దేశమంతా తిరిగింది. చేసినవాణ్ని ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాలో పట్టుకునేసరికి జనవరి వచ్చింది. అంత పేరున్న హీరోయిన్‌కే రెండు నెలలు పట్టింది. మా ఊరి డిగ్రీ కాలేజీ పిల్లకు ఎంత పడుతుందో మీరే లెక్కేసుకోండి.

ఉద్యోగాల మీద నా దగ్గర పెద్ద జోస్యం లేదు. టైపింగ్ డబ్బులు పోయాయి, ఏఐ రాసిచ్చినవి సరిచేసే డబ్బులు కొంత వస్తున్నాయి. లెక్క కడితే మునుపటికన్నా కాస్త తక్కువే. బీటెక్ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టు మొత్తం ఏఐతో రాయించి బైండింగ్‌కు తెస్తున్నారు. అట్ట మీద వాళ్ల గైడు పేరు తప్ప లోపల ఏముందో వాళ్లకే తెలియదు. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఆ సంగతి బయటపడుతోందని వాళ్లే చెప్తున్నారు.

మీరు అడగకపోయినా ఒక ఉపయోగపడే మాట. "సిస్టమ్‌లో వచ్చింది" అనే జవాబు మీకు ఎదురైతే అక్కడే ఆగిపోకండి. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "నన్ను ఎందుకు తీసేశారు" అని అడిగితే నియమాలు రాసి పంపేస్తారు. "నా పేరు మీద ఏ వాహనం ఉందని చూపిస్తోంది, దాని రిజిస్ట్రేషన్ నంబరు ఎంత, ఆ వివరం ఏ శాఖ నుంచి ఏ తేదీన తీసుకున్నారు" అని విడివిడిగా అడగండి. సైకిలు రాదన్న ఆ అమ్మకు అట్లాగే రాసిచ్చాను. బండి నంబరుతో జవాబొచ్చింది. టీఎస్ 07తో మొదలవుతుంది, అంటే రంగారెడ్డి జిల్లా బండి. మాది 04. ఆ కాగితం జతచేసి మళ్లీ దరఖాస్తు పెట్టాం, ఇంకా తేలలేదు. ఆ దరఖాస్తును మీరు ఏఐతోనే రాయించుకోవచ్చు, బాగానే రాస్తుంది. ప్రింటు తీసే ముందు "ఇక్కడ పేర్కొనండి" అన్న చోట మీ అప్లికేషన్ నంబరు ఎక్కించారో లేదో చూసుకోండి.