మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చేశాను, ఎఫ్‌డీలు తీసేయాలా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. టీచర్‌గా రిటైరయ్యాను. మొన్న ఆదాయపు పన్ను శాఖ పేరుతో 'మీకు రూ.18,460 రిఫండ్ మంజూరైంది' అని మెయిల్ వచ్చింది. లింకు నొక్కితే జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను. తర్వాత కార్డు నంబరు అడిగేసరికి అనుమానం వచ్చి ఆపేశాను. డబ్బులేమీ పోలేదు. కానీ రూ.14 లక్షల ఎఫ్‌డీలు, రూ.9 లక్షల మ్యూచువల్ ఫండ్లు అన్నిటికీ ఆ మెయిలే ఇచ్చాను. అన్నీ తీసేసి వేరే బ్యాంకులో వేయాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అబ్బాయికి చెప్పాలంటే మొహమాటంగా ఉంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఎఫ్‌డీలు కదపకండి, ఫండ్లు అమ్మకండి. గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం దాకా కోత పెడతాయి. ఈక్విటీ ఫండ్లయితే ఏడాది దాటాక అమ్మినా, ఆ ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షలు మించిన లాభంపై 12.5 శాతం పన్ను పడుతుంది. పైగా కొత్త బ్యాంకులోనూ ఇదే మెయిల్ ఇస్తారు కదా. తాళంచెవి పోతే తాళం మారుస్తాం గానీ బీరువా తీసుకెళ్లి పక్కింట్లో పెట్టం.

మీ విషయంలో ఆ తాళం మెయిలే. పాస్‌వర్డ్ మర్చిపోయామంటే కొత్తది పెట్టుకునే లింకో, ఓటీపీయో చాలాచోట్ల మెయిల్‌కే వస్తుంది. షేర్లు, ఫండ్ల లెక్కలు ఉంచే డిపాజిటరీ సంస్థలు పంపే స్టేట్‌మెంట్ తెరవడానికి పాన్ నంబరే పాస్‌వర్డ్. ఆ పాన్ కార్డు కాపీ కూడా ఎప్పుడో ఎవరికో పంపి ఉంటారు, ఇన్‌బాక్స్‌లో వెతికితే దొరుకుతుంది. మీకు ఎక్కడ ఎంత ఉందో తెలుసుకోవడానికి మోసగాడికి అంతకన్నా ఏం కావాలి? ధైర్యం చెప్పే సంగతి కూడా ఒకటుంది. మోసగాడు మీ ఫండ్లు అమ్మినా ఆ డబ్బు ఫోలియోలో, అంటే ఫండ్ సంస్థ దగ్గర మీ పేరిట ఉన్న ఖాతాలో, నమోదైన మీ బ్యాంకు ఖాతాకే వస్తుంది.

ఈ రోజే జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. మీవి కాని ఫోన్లు, కంప్యూటర్లు లాగిన్ అయి కనిపిస్తే సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్ నంబరు మీదేనా అని చూసుకుని, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తోపాటు మరో ధ్రువీకరణ కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి. ఆ తర్వాతే నెట్ బ్యాంకింగ్, ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ పాస్‌వర్డ్లు మార్చాలి. మెయిల్ మోసగాళ్ల చేతిలో ఉండగా మిగతావి మార్చి లాభం లేదు.

డబ్బు పోకపోయినా బ్యాంకుకు ఫోన్ చేసి జరిగింది చెప్పండి. మన వివరాలు మనమే ఇచ్చిన కేసులో, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనదే, చెప్పాక జరిగేది బ్యాంకుదని రిజర్వు బ్యాంకు 2017 జులైలోనే నిబంధన పెట్టింది. ఒక్క రూపాయి పోయినట్టు కనిపించినా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక రిఫండ్ సంగతి. అది ఈ-ఫైలింగ్‌లో మీరు ముందే ధ్రువీకరించిన ఖాతాలోనే పడుతుంది. దానికి కార్డు నంబరు, పిన్, మెయిల్ పాస్‌వర్డ్ ఎవరికీ అవసరం లేదు. మెయిల్‌లో పంపినవారి పేరు నమ్మొద్దు, ఉత్తరం కవరు మీద 'ఫ్రమ్' అడ్రస్‌లాగా అక్కడ ఎవరైనా ఏ పేరైనా రాయొచ్చు. లింకు జోలికి పోకుండా ఈ-ఫైలింగ్ సైట్ మీరే తెరిచి చూసుకోండి. దాని అడ్రస్ 'గవ్ డాట్ ఇన్'తో ముగుస్తుంది. బ్యాంకులను కూడా 2025 అక్టోబరు 31లోగా 'బ్యాంక్ డాట్ ఇన్' అడ్రస్‌కు మారమని రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

మీ అబ్బాయికి చెప్పండమ్మా. మీరు తప్పేమీ చేయలేదు, పైగా కార్డు నంబరు దగ్గర ఆగారు. అతనితో ఒక పని కూడా ఉంది. పాస్‌వర్డ్ మార్చినా మీ మెయిళ్లు తమకు చేరేలా కొందరు ఫార్వర్డింగ్ పెట్టి వెళ్తారు. ఆ సెట్టింగ్ ఫోన్ యాప్‌లో కనిపించదు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఫార్వర్డింగ్‌లోనూ ఫిల్టర్లలోనూ తెలియని అడ్రస్ ఉంటే తీసేయమనండి.