కీ పనిచేయలేదని కెరీర్ మార్చాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ పూర్తిచేసింది. అమీర్‌పేటలో డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్లలో పెట్టి నడిపించే పని) కోర్సులో చేర్పించాం. రెండు వారాలుగా సర్వర్‌లోకి లాగిన్ కాలేక ఏడుస్తోంది. మా తోడల్లుడి కొడుకు క్లౌడ్‌లో మంచి జీతం తీసుకుంటున్నాడు. ఈమెకి ఇది పడదేమో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి మార్చమంటారా? స్క్రీన్‌షాట్, ఫైలు జతచేశాను.
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ముందు ఆ ఫైలు సంగతి. మీరు పంపిన ‘పెమ్’ ఫైలు అమ్మాయి ప్రైవేట్ కీ అండీ, అంటే సర్వర్‌లోకి వెళ్లే రహస్య తాళంచెవి. నాకే కాదు, కోర్సు చెప్పే సార్‌కి కూడా ఇవ్వకూడదు. డిలీట్ చేశాను. ప్రాక్టీసు సర్వరే కాబట్టి దాన్ని తీసేసి, కొత్త కీతో ఇంకోటి పెట్టుకోమనండి.

స్క్రీన్‌షాట్‌లో మీరంతా ‘పర్మిషన్ డినైడ్’ దగ్గరే ఆగిపోయారు. దాని పై వరుసల్లోనే కారణం ఉంది: కీ ఫైలు పర్మిషన్స్ 0644. అంటే ఆ కంప్యూటర్‌లో ఎవరైనా చదవొచ్చు. అలాంటి కీని ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి లాగిన్ చేయించే ప్రోగ్రామ్) ముట్టుకోదు. ఆ ఫైలు మీద ‘సీహెచ్‌మాడ్ 600’ అనే కమాండ్ కొడితే, తను తప్ప ఇంకెవరూ చదవలేరు, ఆ గొడవ తీరుతుంది. అప్పటికీ రాకపోతే యూజర్ పేరు చూడాలి. అమెజాన్ క్లౌడ్‌లో అది సర్వర్ మీదున్న లైనక్స్ (ఆపరేటింగ్ సిస్టమ్) రకాన్ని బట్టి ఉంటుంది: ఉబుంటు సర్వర్‌కి ‘ఉబుంటు’, అమెజాన్ లైనక్స్‌కి ‘ఈసీ2-యూజర్’. ఇవి రోజూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్లో ‘కాన్ఫిగ్’ ఫైలు తెరిచి హోస్ట్, హోస్ట్‌నేమ్, యూజర్, ఐడెంటిటీఫైల్ అని నాలుగు వరుసలు రాసుకుని, హోస్ట్ దగ్గర ‘ప్రాక్టీస్’ అని పేరు పెట్టుకుంటే, తర్వాత ‘ఎస్‌ఎస్‌హెచ్ ప్రాక్టీస్’ అంటే చాలు.

ఇది చేతకానితనం కాదు. ఎవరూ చెప్పకపోవడం.

నా అనుమానం కోర్సు మీదే. మూడు నెలల్లో డాకర్, కుబర్నెటిస్, జెంకిన్స్, టెర్రాఫామ్ అని డెవాప్స్ టూల్స్ అన్నీ చూపించేస్తారు. ఫైలు పర్మిషన్లు మాత్రం ‘మీకు తెలుసుగా’ అని దాటేస్తారు. పిల్లలు కమాండ్లు కాపీ కొట్టి పేస్ట్ చేస్తారు, ఎర్రర్ రాగానే బిగుసుకుపోతారు. పైగా నడుస్తున్న సర్వర్లని ఫ్రెషర్ చేతికి వెంటనే ఇచ్చేవాళ్లు తక్కువ. సపోర్ట్‌లోనో, లైనక్స్ అడ్మిన్‌గానో మొదలుపెట్టి డెవాప్స్‌కి వెళ్లినవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

టెస్టింగ్ తక్కువ పనేమీ కాదు. కానీ అక్కడా ఆటోమేషన్ (టెస్టులు ప్రోగ్రామ్‌తో నడపడం) అనగానే ఇదే కీ, ఇదే సర్వర్ ఎదురవుతాయి. పారిపోయి వెళ్లే చోటు కాదది.

ఇంకోటి, కోపం తెచ్చుకోకండి. రెండు వారాల ఏడుపులో కీ వాటా ఎంత, తోడల్లుడి కొడుకు జీతం వాటా ఎంత? ఆ మాట ఆపి, రెండు నెలలు లైనక్స్ మీద కూర్చోనివ్వండి. పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుంటే ఫీజు కూడా అక్కర్లేదు. ఇప్పటికే కట్టిన ఫీజు పోతుందని భయపడకండి, చాలాచోట్ల తర్వాతి బ్యాచ్‌లో కూర్చోనిస్తారు. అడిగి చూడండి.