ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు.. ఇన్ని పరీక్షలు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 23. మేనబావతోనే పెళ్లయింది. ఇప్పుడు గర్భిణిని, తొమ్మిదో వారం. మొదటిసారి ఆసుపత్రికి వెళితే పేజీ నిండా పరీక్షలు రాశారు. వాటిలో హెచ్‌ఐవీ కూడా ఉంది. అవసరమైతే మావారికీ రక్తపరీక్ష చేయాలన్నారు. వేవిళ్లు తప్ప నాకు వేరే ఇబ్బందేమీ లేదు. మూడో నెల నిండాక చూద్దాంలే అంటున్నారు మా అత్తయ్య. అప్పటిదాకా ఆగొచ్చా?
- ఓ సోదరి, నల్గొండ

జవాబు: ఆగొద్దమ్మా. మూడో నెల నిండేదాకా కబురు బయటపెట్టకపోవడం మన ఇళ్లలో ఉన్నదే, దానికి అభ్యంతరం లేదు. పరీక్షలు మాత్రం అప్పటిదాకా ఆగవు. బిడ్డ మెడ వెనక నీటి మందాన్ని కొలిచే ఎన్‌టీ స్కాన్‌ పదకొండో వారం నుంచి 13 వారాల 6 రోజుల లోపే చేయాలి. ఆ గడువు దాటితే ఆ కొలత పనికిరాదు. కాన్పు తేదీ కూడా తొలి మూడు నెలల స్కానింగ్‌లోనే కచ్చితంగా తేలుతుంది.

మీది మేనరికం కాబట్టి ఒక విషయం వివరంగా చెప్పాలి. ఒకే కుటుంబంలోని లోపపు జన్యువు భార్యాభర్తలిద్దరికీ వచ్చే అవకాశం మేనరికాల్లో ఎక్కువ. తలసీమియా అనే రక్తపు జబ్బునే తీసుకోండి. ఆ జన్యువు ఒకటే ఉన్న మనిషి ఆరోగ్యంగానే తిరుగుతారు, ఉన్నట్టు కూడా తెలియదు. ఇద్దరిలోనూ ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు జీవితాంతం రక్తం ఎక్కించాల్సి వస్తుంది. మీ సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టులో హిమోగ్లోబిన్‌తో పాటు ఎంసీవీ (ఎర్రరక్తకణం సగటు పరిమాణం), ఎంసీహెచ్‌ (ఒక్కో కణంలో ఉండే హిమోగ్లోబిన్‌) అనే అంకెలు కూడా ఉంటాయి. ఎంసీవీ 80 కన్నా, ఎంసీహెచ్‌ 27 కన్నా తక్కువుంటే ‘రక్తం తక్కువ’ అని ఐరన్‌ మాత్రలతో సరిపెట్టకూడదు. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో హిమోగ్లోబిన్‌ ఏ2 ఎంతుందో చూడాలి. అది 3.5 శాతం దాటితే మీవారికి పరీక్ష తప్పనిసరి. ఇద్దరిలోనూ జన్యువు ఉందని ఇప్పుడే తెలిస్తే, బిడ్డకు జబ్బు ఉందో లేదో గర్భంలోనే తేల్చుకునే వ్యవధి ఉంటుంది. ఏడో నెలలో తెలిస్తే కుటుంబం పడే క్షోభ నేను దగ్గరుండి చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బ్లడ్‌ గ్రూపు నెగెటివ్‌ వచ్చి మీవారిది పాజిటివ్‌ అయితే కంగారు పడొద్దు. మీ రక్తంలో పాజిటివ్‌ రక్తానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారయ్యాయేమో ఐసీటీ పరీక్షలో చూసి, లేకపోతే 28వ వారంలో అవి తయారవకుండా యాంటీ-డి ఇంజెక్షన్‌ ఇస్తారు. బిడ్డ గ్రూపు పాజిటివ్‌ అయితే కాన్పయిన 72 గంటల్లోపు మళ్లీ ఇస్తారు. అది తర్వాతి బిడ్డకు రక్షణ.

హెచ్‌ఐవీ పరీక్ష రాశారంటే మిమ్మల్ని అనుమానించినట్టు కాదు. గర్భిణులందరికీ రాస్తారు, ఫలితం గోప్యంగా ఉంచుతారు. దానితో పాటు సిఫిలిస్‌, హెపటైటిస్‌-బి కూడా చూస్తారు. ఈ మూడూ ఏ లక్షణమూ లేకుండానే తల్లిలో ఉండి బిడ్డకు సోకగలవు. ముందే తెలిస్తే చాలావరకు ఆపగలం. తల్లికి హెపటైటిస్‌-బి ఉంటే, బిడ్డ పుట్టిన తొలి గంటల్లోనే టీకా, ఇమ్యునోగ్లోబులిన్‌ వేయాలి. వాటిని కాన్పు నాటికి సిద్ధంగా ఉంచుకోవడానికే ఈ పరీక్ష.

షుగర్‌ పరీక్షకు పరగడుపున వెళ్లక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజ్‌ కలిపిన నీళ్లు తాగిన రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 లేదా అంతకు మించితే గర్భధారణ మధుమేహంగా పరిగణిస్తారు. ఇప్పుడు మామూలుగా వచ్చినా 24-28 వారాల మధ్య మళ్లీ చేయాలి. వేవిళ్ల వల్ల తాగింది వెంటనే వాంతయితే సిబ్బందికి చెప్పండి, మరో రోజు చేస్తారు. థైరాయిడ్‌, మూత్ర పరీక్షలనూ వాయిదా వేయొద్దు. తొలి మూడు నెలలు బిడ్డకు థైరాయిడ్‌ హార్మోన్‌ మీ నుంచే అందాలి. ఫోలిక్‌ యాసిడ్‌ ఇంకా మొదలుపెట్టకపోతే ఇవాళే డాక్టర్‌ను అడగండి.

ఖర్చు గురించి వెనకాడుతుంటే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్‌ కింద గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. అయితే నాలుగు నుంచి తొమ్మిది నెలల వారిని దృష్టిలో పెట్టుకుని పెట్టిన కార్యక్రమమది. మీది ఇంకా తొమ్మిదో వారమే కాబట్టి ఆ తేదీ కోసం ఆగకుండా, ఆశా కార్యకర్తతో మాట్లాడి దగ్గర్లోని పీహెచ్‌సీలో పేరు నమోదు చేయించుకోండి. వెళ్లేటప్పుడు మీవారిని వెంట తీసుకెళ్లండి, వీలైతే అత్తయ్యగారిని కూడా. కుటుంబంలో ఎవరికైనా పదేపదే రక్తం ఎక్కించారా, చిన్నతనంలోనే పిల్లలు పోయారా అన్నది ఆవిడకే బాగా తెలుస్తుంది.