తాత పికప్ పూర్తి చేయడానికి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. వనస్థలిపురంలో ఉంటాం. మా తాత 1970లో కొన్న మహీంద్రా ఎఫ్‌సీ-150 పికప్ ఇబ్రహీంపట్నం దగ్గర మా ఊళ్లో కొట్టం కింద ఇరవై ఏళ్లకు పైగా పడి ఉండేది. మూడేళ్ల కిందట నలుగురు దోస్తులతో కలిసి దాన్ని బాగుచేయడం మొదలుపెట్టాను. ఒకరు ఆటోనగర్‌లో మెకానిక్, ఒకరికి బాలానగర్‌లో లేత్ షెడ్డు ఉంది, మిగతా ఇద్దరూ నాలాగే ఉద్యోగులు. ఇప్పటికి 4.6 లక్షలు ఖర్చయింది. తాతనాటి పెట్రోల్ ఇంజనే రీబోర్ చేయించాం, స్టార్ట్ అయింది. ఇంకా 2.75 లక్షలు కావాలి: పెయింటింగ్‌కు 90 వేలు, టైర్లు, రిమ్ములకు 40, వైరింగ్‌కు 30, బ్రేకులు, స్టీరింగ్‌కు 35, సీట్లు, వెనక చెక్క పనికి 45, కాగితాలు, చిల్లర ఖర్చులకు 35 వేలు. మా ఇద్దరి సంపాదనలో ఇంటి లోన్, సిప్, ఇంటి ఖర్చులు పోను నెలకు 20 వేలు మిగులుతాయి. ఏడాదికి 60 వేలు బోనస్ వస్తుంది. బ్యాంకులో 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. వచ్చే జూన్‌లో పాప ఇంటర్‌లో చేరుతుంది, రెండేళ్లకు 2 లక్షలు, నాలుగు వాయిదాల్లో కట్టాలి. దోస్తులు తలా 25 వేలు వేస్తామంటున్నారు. బ్యాంకు 14 శాతానికి పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. ఇంకో వ్యక్తి ఉన్నదున్నట్టు 3 లక్షలకు కొంటానన్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: పూర్తి చేయండి. అయితే లోన్ వద్దు. దోస్తుల డబ్బు కూడా వద్దు. వాళ్ల చేతి సాయం మాత్రం సంతోషంగా తీసుకోండి, దానికో పద్ధతి పెట్టుకోండి. మీ మిగులుతోనే రెండేళ్లలోపు బండి తయారవుతుంది. లెక్క కింద చెబుతాను. దానికన్నా ముందు మీ ఉత్తరంలో లేని ఒక విషయం అడగాలి.

బండి ఎవరి పేరు మీద ఉంది? మీరు రాసినదాన్ని బట్టి ఇంకా తాతగారి పేరు మీదే ఉందనిపిస్తోంది. అదే నిజమైతే మీరు 4.6 లక్షలు పెట్టిన బండి కాగితాల మీద మీది కాదు. యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి, మూడు నెలల్లో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది, అయినా ఇప్పుడు చేయించుకోవచ్చు. అసలు కష్టం వారసుల దగ్గర వస్తుంది. మీ నాన్నగారితో పాటు బాబాయిలు, మేనత్తలు ఉంటే వాళ్లకూ ఈ బండిలో హక్కు ఉంటుంది. తుప్పు పట్టి కొట్టంలో ఉన్నప్పుడు దాని ఊసు ఎవరూ ఎత్తరు. రంగు వేసి రోడ్డెక్కించాక, ఎవరో మూడు లక్షలిస్తానన్నాడని తెలిశాక, మాట వేరుగా ఉంటుంది. కాబట్టి ఇంకో రూపాయి ఖర్చు పెట్టే ముందు అందరి దగ్గరికీ వెళ్లి అభ్యంతరం లేదని స్టాంపు పేపరు మీద సంతకాలు తీసుకోండి. ఇప్పుడైతే ఇష్టంగానే పెడతారు. ఖర్చు కూడా చాలా తక్కువ.

ఇక దోస్తుల డబ్బు. వాళ్ల మనసు మంచిది, అందులో సందేహం లేదు. కానీ ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో స్నేహితులు బంధువులు కారు. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో కానుకగా వచ్చిన డబ్బు అంతా కలిపి 50 వేలు దాటితే మొత్తం మీ ఆదాయంలో చేరుతుంది. దాటిన భాగం ఒక్కటే కాదు, మొత్తం. నలుగురూ తలా 25 వేలు వేస్తే ఆ లక్షా మీ జీతానికి తోడవుతుంది. సరే, అప్పుగా తీసుకుందామంటే ఇంకో నిబంధన ఉంది: 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదు, నగదుగా తిరిగి ఇవ్వకూడదు. పట్టుబడితే ఆ అప్పు ఎంతో జరిమానా కూడా అంత వరకూ పడుతుంది. ‘చేబదులే కదా’ అని చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు.

పన్ను సంగతి పక్కన పెట్టినా నేను వద్దనే అంటాను. డబ్బు వేసినవాడికి మనసులో ఓ మూల వాటా ఉంటుంది. ఆర్‌సీలో మాత్రం మీ ఒక్కరి పేరే ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబం విషయంలో ఇలాగే జరిగింది. ముగ్గురు స్నేహితులు కలిసి ఒక పాత కారు బాగుచేసుకున్నారు. రెండేళ్లకు ఒకరి చెల్లెలి పెళ్లి కుదిరింది, తన డబ్బు అవసరమైంది. మిగతా ఇద్దరి దగ్గరా ఆ సమయానికి లేదు. కారు అమ్మితే పెట్టినదాంట్లో సగం కూడా రాలేదు. కారు పోయింది సరే, ఆ ముగ్గురూ ఇప్పుడు మాట్లాడుకోవడం లేదు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే. ఆ డబ్బు నా సలహాతో వేసింది కాకపోయినా, మొదట్లో నన్ను అడిగి ఉంటే బాగుండేదని అనిపిస్తుంది.

చేతి సాయం వేరు. దాని మీద పన్ను లేదు, వాటా లెక్క లేదు. కానీ ఇక్కడ కూడా మీ నలుగురు దోస్తులూ ఒకటి కాదు. ఆదివారం మీకూ ఆ ఇద్దరు ఉద్యోగులకూ సెలవు రోజు. గ్రీజు పూసుకుని ఇరానీ చాయ్ తాగుతూ గడిపితే మీకు పోయేది ఏమీ లేదు. ఆటోనగర్ దోస్తుకు అదే ఆదివారం ఒక కస్టమర్ బండి. బాలానగర్ దోస్తు లేత్ తిరిగినంతసేపూ కరెంటు బిల్లు తిరుగుతుంది, పనివాడికి కూలి పడుతుంది. వాళ్లు మూడేళ్లుగా డబ్బు తీసుకోలేదని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే మీ ఖర్చుల జాబితాలో మెకానిక్ కూలి అనే వరుసే లేదు. ఆ వరుస రాయండి. అడిగితే ‘మన మధ్య డబ్బులేంది భాయ్’ అంటారు. అడక్కండి. వాళ్ల హెల్పర్ కుర్రాళ్ల కూలి, లేత్ మీద పడే ఖర్చు, సామాను డబ్బు ఏ వారానికి ఆ వారం ఫోన్‌పేలో వేసేయండి. దోస్తు సొంత కూలి తీసుకోనంటే, ఆయనకు వచ్చే కస్టమర్ పని పోకుండా ఉండే రోజునే పని పెట్టుకోండి. పని ఆలస్యమైతే కానివ్వండి. మీ ఐదుగురిలో ఇద్దరి బతుకుదెరువు మీద ఆనుకుని మిగతా ముగ్గురి సరదా నడవకూడదు.

ఇప్పుడు లోన్. 2.75 లక్షలకు 14 శాతం, మూడేళ్లయితే ఈఎంఐ దాదాపు 9,400 వస్తుంది. మొత్తం మీద వడ్డీ 63 వేలు దాటుతుంది. అంటే బ్రేకులు, స్టీరింగ్ పని దాదాపు రెండుసార్లు చేయించేంత డబ్బు వడ్డీకే పోతుంది. పైగా పాప ఇంటర్ చదివే రెండేళ్లూ ఈ ఈఎంఐ మీ నెత్తిన ఉంటుంది. ఏ నెలలో ఏ ఖర్చు వచ్చినా టెన్షన్. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. మీ ఇంట్లో నెల గడవడానికి, ఈఎంఐతో కలిపి, ఎంత అవుతుందో మీరు రాయలేదు. 75 వేల చుట్టూ ఉంటుందనుకుంటే ఆ 2 లక్షలు మూడు నెలలకు కూడా చాలవు. దాన్ని పెంచాలి కానీ తగ్గించకూడదు. ఇంట్లో బంగారం తాకట్టు మాట కూడా తేవద్దు.

మీ 20 వేలను ఇలా విడగొట్టండి. పాప ఫీజుకు నెలకు 8 వేలు ఆర్‌డీ. మొదటి వాయిదాకు ఇంకా ఎనిమిది నెలలుంది. అప్పటికి 64 వేలవుతాయి, 50 వేలు కట్టేస్తారు, ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకూ వచ్చే వాయిదా కూడా అందులోంచే సర్దుకుపోతుంది. నెలకు 2 వేలు అత్యవసర నిధికి. మిగిలిన 10 వేలు బండికి. బోనస్‌లో సగం బండికి, సగం అత్యవసర నిధికి. ఇలా చేస్తే ఇరవై రెండు నెలల్లోపే 2.75 లక్షలు సమకూరుతాయి, ఎఫ్‌డీతో కలిపి మీ నిధి కూడా 3 లక్షలకు చేరుతుంది. సిప్ ఆపాల్సిన పని లేదు.

పని వరుస కూడా మార్చండి. అందరూ పెయింటింగ్‌తో మొదలుపెట్టాలనుకుంటారు, కంటికి అదే కనిపిస్తుంది కాబట్టి. మీరు మాత్రం జూన్ లోపు చేతికొచ్చే 80 వేలతో బ్రేకులు, స్టీరింగ్, వైరింగ్ పూర్తి చేసి, మిగిలిన 15 వేలు కాగితాలకు వాడండి. తర్వాత నాలుగు నెలలు టైర్లకు. అంటే వచ్చే దసరాకల్లా బండి భద్రంగా నడుస్తుంది, రంగు లేకపోయినా. వైరింగ్‌ను అసలు తగ్గించి చేయించకండి. యాభై ఏళ్ల నాటి తీగల తొడుగు ఎండి పగిలి ఉంటుంది. ఈ బండిలో ఇంజన్ రెండు సీట్ల మధ్య, క్యాబిన్ లోపలే ఉంటుంది. అక్కడ నిప్పురవ్వ పుడితే డ్రైవర్ కాళ్ల దగ్గరే మంట. పెట్రోల్ పైపులు కూడా మార్పించండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది, పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటర్ వాషర్లను అది మెత్తబరుస్తుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు రాణిగంజ్‌లో అడిగితే దొరుకుతాయి. షెడ్డులో ఒక అగ్నిమాపక సిలిండర్ పెట్టుకోండి. వచ్చే వానాకాలం రేకు తుప్పు పట్టకుండా ప్రైమర్ మీరే కలిసి వేసుకోవచ్చు. పెయింటింగ్‌కు 90 వేలు అన్నవారిని మాత్రం ముందు పాత పుట్టీ గీకి చూడమనండి. కింద రేకు ఎంత మిగిలిందో చూడకుండా చెప్పిన అంచనాను నేను నమ్మను.

మీ దోస్తుల్లో ఎవరైనా ‘పెట్రోల్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టేద్దాం, మైలేజీ వస్తుంది’ అంటే ఒప్పుకోకండి. పాత జీపులకు మన దగ్గర చాలామంది అదే చేయించారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండే వింటేజ్ కింద వస్తుంది. మీది 1970 బండి, ఇంజన్ అదే. ఆ అర్హత దొరికే అవకాశం మీ చేతిలో ఉంది. ఇంజన్ మారిస్తే అది పోవడమే కాకుండా, మార్పుకు ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్‌సీలో రాయించుకోవాల్సి వస్తుంది.

అలాగని తొందరపడి వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు వెళ్లకండి. కొత్తగా అయితే ఫీజు 20 వేలు, రీ-రిజిస్ట్రేషన్ 5 వేలు, పదేళ్లు చెల్లుతుంది, పాత మూడక్షరాల నంబరు కూడా ఉంచుకోవచ్చు. ఆ నంబరు మీ ఇంట్లో అందరికీ ఎంత ఇష్టమో ఊహించగలను. కానీ వింటేజ్ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్, రిపేరుకు మాత్రమే రోడ్డు మీదికి తీయాలి. రోజువారీ వాడకం కుదరదు. ఆదివారం ఇంటిల్లిపాదీ ఎక్కి ఊరికి వెళ్లి మామిడికాయలు వేసుకురావాలంటే అది పనికిరాదు. దానికి మామూలు ఆర్‌సీయే రెన్యువల్ చేయించుకోవాలి. బండి పాతదైన కొద్దీ ఫీజు ఎక్కువ, ఆలస్యానికి అదనంగా కట్టాలి. ఆర్‌సీలో ‘ట్రాన్స్‌పోర్ట్’ అని సరుకు బండిగా ఉంటే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. బండి, సరుకు కలిపి 3,000 కిలోలు దాటకపోతే పర్మిట్ మాత్రం అక్కర్లేదు.

ఏ దారిలో వెళ్లినా థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా ట్రయల్‌కు కూడా గేటు దాటించకండి. ఆటోనగర్ సందు కూడా రోడ్డే. ఎవరికైనా తగిలితే పరిహారం మీ జేబులోంచే కట్టాలి, దాని ముందు ఈ 2.75 లక్షలు లెక్కలోకి రావు. సొంత నష్టానికి కూడా తీసుకుంటే, ఐదేళ్లు దాటిన బండి విలువ మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవాల్సిందే. అందుకు ఇప్పటినుంచే ప్రతి బిల్లూ, ప్రతి దశలో ఫొటో దాచండి.

ఇక ఆ 3 లక్షల బేరం. అమ్మాలని ఉంటే మీ ఉత్తరం ఇంత పొడవుగా ఉండేది కాదు. కాకపోతే దీన్ని పెట్టుబడి అని ఎవరైనా అంటే నమ్మకండి. అన్నీ కలిపి 7.35 లక్షలవుతుంది, అది తిరిగి వస్తుందని నేను చెప్పలేను. ఎఫ్‌సీ-150 అరుదైన బండి, అంటే కొనేవాళ్లు కూడా తక్కువే. ఒకవేళ ఎప్పుడైనా మంచి ధరకు అమ్మినా, సొంత వాడకపు వస్తువని పన్ను పడదని అనుకోవద్దు. 1983లో 20 వేలకు కొన్న 1931 నాటి ఫోర్డ్ కారును ఒకాయన 21 లక్షలకు అమ్మితే, దాన్ని సొంతానికి వాడినట్టు రుజువు లేదని బాంబే హైకోర్టు 2025లో పన్ను కట్టాల్సిందేనంది. మీరు బండి నడిపిన బిల్లులు, సర్వీసు కాగితాలు అప్పుడు కూడా పనికొస్తాయి.

ఈ వారంలో ఆర్‌సీ వెతికి తీయండి. అందులో పేరు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, బండి తరగతి ఏమని ఉన్నాయో, మీ ఇంటి నెల ఖర్చు ఎంతో నాకు రాయండి. రెన్యువలా, వింటేజా అన్నది, ఆ 15 వేలు సరిపోతాయా లేదా అన్నది అవి చూసి చెబుతాను. బాబాయిలు, మేనత్తలు ఉంటే సంతకాలకు మాత్రం నా జవాబు కోసం ఆగక్కర్లేదు. ఈ ఆదివారం షెడ్డుకు బదులు వాళ్ల ఇళ్లకు వెళ్లండి, ఇంజన్ స్టార్ట్ అయిన వీడియో చూపించండి.