మీ ప్రశ్న – మా జవాబు: నర్సింగ్ తర్వాత లా చదవాలంటే

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేసి ఐసీయూలో పనిచేస్తున్నాను. పేషెంట్ సేఫ్టీ వైపు వెళ్లాలని ఉంది. ఉద్యోగం మానకుండా ఎల్‌ఎల్‌బీ చేయొచ్చా? చదివాక పని ఎక్కడ దొరుకుతుంది?
– స్టాఫ్ నర్సు, ఖమ్మం

జవాబు: మీ డిగ్రీలో 45 శాతం మార్కులుంటే (ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40) మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ రాయొచ్చు. వయసు అడ్డు కాదు. 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. అందులో 60 లా ఆప్టిట్యూడ్‌వే. కాబట్టి ముందు రాజ్యాంగం మీద పట్టు తెచ్చుకోండి.

చిక్కంతా ఉద్యోగం దగ్గరే. లా రెగ్యులర్ కోర్సు, 70 శాతం హాజరు తప్పనిసరి. దూరవిద్యలో చేసిన ఎల్‌ఎల్‌బీతో అడ్వొకేట్‌గా ఎన్‌రోల్ కాలేరు. చదువుతూ ఉద్యోగం చేసేవారు యాజమాన్యం నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 సెప్టెంబరు సర్క్యులర్‌లో చెప్పింది. ‘అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం’ అనే కాలేజీ జోలికి వెళ్లకండి. నైట్ డ్యూటీలు రాయించుకుని పగలు క్లాసుకెళ్లడం కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ నిద్ర చాలని నర్సు చేతిలో ఇన్‌ఫ్యూజన్ పంపు (రక్తనాళంలోకి మందు ఎక్కించే యంత్రం) ఉండటమే ఒక భద్రతా సమస్య. వీలైతే పార్ట్‌టైమ్ డ్యూటీకి మారండి.

పట్టా వచ్చాక దారి రెండుగా చీలుతుంది. జీతానికి పూర్తికాలం పనిచేసేవారు అడ్వొకేట్‌గా ప్రాక్టీసు చేయకూడదు. కోర్టుకు వెళ్లాలంటే ఉద్యోగం వదిలి, ఎన్‌రోల్ అయి, రెండేళ్లలోపు ఏఐబీఈ (ఆలిండియా బార్ పరీక్ష) పాసవ్వాలి. ఆసుపత్రిలోనే ఉంటానంటే ఎన్‌రోల్‌మెంట్ అక్కర్లేదు. క్వాలిటీ విభాగం, ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే సంస్థ) కోఆర్డినేటర్, మెడికో లీగల్ సెల్, ఫిర్యాదుల కమిటీ వంటి చోట్ల మీ రెండు చదువులూ అక్కరకొస్తాయి. మా సలహా అడిగితే, భద్రత మీదే మనసుంటే ఆసుపత్రిలోనే ఉండండి. కోర్టుకొచ్చే కేసులో హాని అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

వకీలుకు కనపడనిది మీకు కనపడేది కేసు షీటులో. డాక్టర్ ఆర్డర్, మందుల చార్టు, నర్సుల నోట్స్, ల్యాబ్ రిపోర్టు ప్రింటైన సమయం, బ్లడ్ బ్యాంకు ఇష్యూ రిజిస్టరు, ఇవన్నీ ముందు పెట్టుకుని గంటల వారీగా ఒకే పట్టికలో రాయండి. ప్రసవం తర్వాత 2:10కి పల్స్ 120, బీపీ 90/60 అని ప్రమాద సంకేతాలు ఉండి, తర్వాతి ఎంట్రీ 3:25కి ఉంటే, ప్రశ్న ఆ 75 నిమిషాల మీదే. ‘డ్యూటీ డాక్టర్‌కు తెలిపాం’ అని రాసి పేరు, సమయం లేకపోతే ఆ వాక్యం కోర్టులో నిలబడటం కష్టం. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. అన్నాళ్లకు వార్డులో ఎవరికీ ఏదీ గుర్తుండదు, రాసిందే మిగులుతుంది. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి సంతకం, తేదీ, సమయం వేయండి. వైట్‌నర్ పూస్తే నిజం కూడా అబద్ధంలా కనిపిస్తుంది.

ప్రశ్న: మా వార్డులో స్టెరైల్ వాటర్ అనుకుని పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ సిరంజిలో లోడ్ చేశారు. ఇచ్చేలోపే మరో సిస్టర్ చూసి ఆపారు. ఇన్సిడెంట్ రిపోర్టు రాస్తే రేపు మామీదికే వస్తుందని అందరూ భయపడుతున్నారు.
– నర్సింగ్ ఇన్‌చార్జ్, గుంటూరు

జవాబు: వాళ్ల భయానికి ఆధారం లేకపోలేదు. అమెరికాలో ఇలాంటి రిపోర్టులకు 2005లో చేసిన చట్టం కొంత రక్షణ ఇస్తుంది. మనకు అలాంటి జాతీయ చట్టం లేదు. పైగా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే, వైద్యం చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకు గరిష్ఠ శిక్ష రెండేళ్లు, మిగతావారికి ఐదేళ్లు. డాక్టరంటే ఎవరో ఆ సెక్షన్ వివరణే చెబుతోంది, అందులో నర్సులు లేరు. ఇది అన్యాయమని నర్సింగ్ సంఘాలు గట్టిగా అడగాల్సిన విషయం.

అయినా రిపోర్టు రాయండి. చూసింది, చేసింది, సమయం మాత్రమే ఉండాలి. ‘ఫలానా సిస్టర్ అజాగ్రత్త వల్ల’ వంటి తీర్పులు వద్దు. దాన్ని కేసు షీటులో పెట్టకండి. అయితే మందు పేషెంటుకు నిజంగా వెళ్లి ఉంటే మోతాదు, సమయం, లక్షణాలు, ఎవరికి చెప్పారో కేసు షీటులోనే రాయాలి, దాచకూడదు.

ఇక మూలకారణం. 15 శాతం పొటాషియం క్లోరైడ్ 10 ఎంఎల్ ఆంప్యూల్‌లో దాదాపు 20 ఎంఈక్యూ (మిల్లీ ఈక్వివలెంట్లు) పొటాషియం ఉంటుంది. పలుచన చేయకుండా నేరుగా ఐవీ పుష్‌గా (సిరంజితో రక్తనాళంలోకి) ఇస్తే గుండె ఆగిపోవచ్చు. అలాంటిది వాటర్ ఆంప్యూల్ లాగే పారదర్శకంగా, అదే సైజులో, అదే ట్రేలో ఉంది. ‘సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇచ్చాం’ అని ఫైలు మూస్తే వచ్చే నెల అదే జరుగుతుంది. ఆ ఆంప్యూళ్లను జనరల్ వార్డు స్టాకు నుంచే తీసేయించండి. ఫార్మసీలో కలిపిన బాటిలే వార్డుకు రావాలి. ఐసీయూలో ఉంచక తప్పదంటే వేరే పెట్టె, తాళం, ఎర్ర లేబుల్, ఇద్దరి సంతకం. ఆ మార్పు ఏ తేదీన జరిగిందో కమిటీ మినిట్స్‌లో రాయించి, నెల తర్వాత చెప్పకుండా వెళ్లి ట్రే తెరిచి చూడండి.

ప్రశ్న: అమెరికాలోని డల్లాస్‌లో ఆర్‌ఎన్‌ని (రిజిస్టర్డ్ నర్సు). ఇక్కడ ఈ రంగంలోకి రావాలంటే లా డిగ్రీ కావాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. లీగల్ నర్స్ కన్సల్టెంట్‌గా రికార్డులు విశ్లేషించి లాయర్లకు నివేదిక ఇవ్వడానికి మీ ఆర్‌ఎన్ లైసెన్సు, అనుభవం చాలు. న్యాయ సలహా ఇవ్వడం, క్లయింటు తరఫున వాదించడం మాత్రం కుదరదు. అవి కావాలంటే జేడీ (అక్కడి లా డిగ్రీ) చేసి, బార్ పరీక్ష పాసవ్వాలి. జేడీ ఫుల్‌టైమ్ అయితే మూడేళ్లు, పార్ట్‌టైమ్ అయితే సాధారణంగా నాలుగేళ్లు. చేరేముందు ఆ కాలేజీకి అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి.