ఆక్సిజన్ సెన్సరు కొనే ముందు ఆ బ్లూటూత్ అడాప్టర్ తీసేయండి

ప్రశ్న: మాది 2014 నాటి పెట్రోల్ కారు. 90 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ లైటు వెలిగి ఆరడం లేదు. ఆన్‌లైన్‌లో కొన్న బ్లూటూత్ అడాప్టర్‌ను స్టీరింగ్ కింద పోర్టులో పెట్టి ఫోనులో చూస్తే పీ0420 అని లోపం కోడు వచ్చింది. కింద ‘ఆక్సిజన్ సెన్సర్ మార్చండి’ అని సలహా, పక్కనే కొనుగోలు లింకు. సెన్సరు ఒకచోట 850 రూపాయలు, ఇంకోచోట 5,200. షెడ్డులో అడిగితే రెండు సెన్సర్లూ మార్చాలన్నారు. ఏది కొనమంటారు?
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ప్రస్తుతానికి ఏదీ కొనవద్దు.

ఈ ఉత్తరం ఊరు మార్చుకుని, కారు మార్చుకుని నాకు వస్తూనే ఉంది. లైటు, అడాప్టర్, యాప్, కొనుగోలు లింకు: వరుస మాత్రం మారదు. ఆ యాప్ రాసినవారి మీద నాకు గట్టి కోపమే ఉంది. పీ0420 అంటే, పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ చేయవలసినంత పని చేయడం లేదని ఇంజిన్ కంప్యూటర్‌కు అనుమానం వచ్చిందని అర్థం. ఆ కబురు మోసుకొచ్చింది కన్వర్టర్ వెనుక, పొగలో ఆక్సిజన్‌ను కొలుస్తూ ఉన్న సెన్సరు. దాన్నే మార్చమనడం, జ్వరం చూపించిందని థర్మామీటరు మార్చమన్నట్టు ఉంది.

మీలాంటి నాలుగు సిలిండర్ల కార్లలో సాధారణంగా రెండు సెన్సర్లు ఉంటాయి. కన్వర్టర్‌కు ముందున్నది చెప్పినదాన్ని బట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో నిర్ణయమవుతుంది. వెనుకదాని పని కన్వర్టర్ మీద నిఘా. మామూలు జిర్కోనియా సెన్సరు సుమారు 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతుంది. పెట్రోలు ఎక్కువైతే పైకి, గాలి ఎక్కువైతే కిందికి. ఇంజిన్ బాగా వేడెక్కాక 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంచి, యాప్‌లోనే ఉండే లైవ్ గ్రాఫ్ చూడండి. ముందుది చకచకా ఊగుతూ, వెనుకది 0.6, 0.7 దగ్గర దాదాపు కదలకుండా ఉంటే కన్వర్టర్ బాగున్నట్టే. వెనుకది కూడా ముందుదానితో పోటీపడి ఊగుతుంటే కన్వర్టర్ పని అయిపోవస్తోంది. అప్పుడు 850 పెట్టినా దండగే, 5,200 పెట్టినా దండగే. ముందుదానికి ఐదు తీగలుంటే అది వైడ్‌బ్యాండ్ రకం, ఇలా ఊగదు. దాన్ని ఈ లెక్కతో చూడకూడదు.

ఆ నిర్ణయానికి వచ్చే ముందు సైలెన్సరు గొట్టం మొదలు ఇంజిన్‌ను కలిసేచోట గ్యాస్కెట్ చూడండి. అక్కడ సందు ఉంటే బయటిగాలి లోపలికి వస్తుంది, సెన్సరు ఆ గాలినే చూసి తప్పు లెక్క చెబుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ మని చప్పుడు, ఆ చుట్టూ నల్లటి మసి కనబడితే ముందు దాని సంగతి చూడాలి.

సెన్సరే పోయే సందర్భాలూ ఉన్నాయి, కాదనను. పీ0135 వస్తే ముందు సెన్సరులోని హీటర్ సర్క్యూట్‌లో లోపం ఉన్నట్టు. సెన్సరు 300 డిగ్రీలు దాటితే గానీ సరిగ్గా పనిచేయదు, అందుకే ఆ హీటర్. అక్కడా మొదట చూడవలసింది ఫ్యూజు, తర్వాత కనెక్టర్. నాలుగు తీగల్లో ఒకే రంగువి రెండు సాధారణంగా హీటర్‌వి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి చూస్తే వాటి మధ్య దారి తెగిపోయినట్టు తేలితే సెన్సరు కొనుక్కోండి.

కొనేటప్పుడు కారు పేరు చెప్పి అడగకండి. ఒకే మోడల్‌లో ఏడాదికీ ఏడాదికీ సెన్సరు మారిపోతుంది. పాతదాని మీద చెక్కిన పార్ట్ నంబరు చదివి, దాన్ని చెప్పండి. కారు కంపెనీ పెట్టెలో వచ్చేదీ, ఆ సెన్సరు తయారుచేసిన సంస్థ సొంత పెట్టెలో వచ్చేదీ చాలాసార్లు ఒకే సరుకు, ధరే వేరు. విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా ఈ మాటే చెబుతారు. బిల్లు ఇచ్చే దుకాణంలో రెండోదాన్ని తీసుకోండి. ‘అన్ని కార్లకూ సరిపోతుంది’ అనే 850 రూపాయల రకంలో పాత కనెక్టర్ కోసి తీగలు అతికించాలి. చాలా సెన్సర్లు పోలిక కోసం కావలసిన బయటిగాలిని ఆ తీగల సందుల్లోంచే తీసుకుంటాయి. మన షెడ్డులో టంకం వేసి అతికిస్తే ఆ దారి మూసుకుపోతుంది. ముందు సెన్సరు స్థానంలో ఆ రకాన్ని నేను పెట్టించను. బిగించేటప్పుడు సిలికాన్ పేస్టును దాని దరిదాపులకు రానివ్వకండి, సెన్సరుకు అది విషం.

ఇక నన్ను నిజంగా కంగారు పెట్టేది మీ ఉత్తరంలో మీరు మాటవరసకు అనేసిన ఆ అడాప్టర్. దాన్ని పోర్టులోనే వదిలేశారని అనుకుంటున్నాను, అందరూ అదే చేస్తారు. కారు ఆపి తాళంచెవి తీసేసినా ఆ పోర్టుకు బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. అంటే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రాత్రంతా మీ కారు బ్లూటూత్‌లో పేరు చెప్పుకుంటూ నిలబడి ఉంటుంది. జత చేసే పిన్ ఏమిటో ఊహించనక్కరలేదు: 1234, కాకపోతే 0000. వైఫై రకాల్లో చాలావాటికి ఆ పాటి తాళం కూడా ఉండదు. పాత కార్లలో ఈ పోర్టుకూ ఇంజిన్, బ్రేకుల కంప్యూటర్లకూ మధ్య కాపలా ఏమీ ఉండదు. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలా పోర్టులో పెట్టే ఒక పరికరానికి ఎస్ఎంఎస్‌లు పంపి, నెమ్మదిగా వెళ్తున్న కారు బ్రేకులు పనిచేయకుండా చేసి చూపించారు. అది బీమా కోసం అమర్చే పరికరం, మీది వేరు. కానీ రెండూ దూరేది ఒకే ద్వారంలోంచి.

యాప్ సంగతి ఇంకా ఘోరం. పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి, అంతవరకు సరే. కాంటాక్టులు ఎందుకు? ఎస్ఎంఎస్‌లు ఎందుకు? ఆక్సిజన్‌కూ మీ బావమరిది ఫోన్ నంబరుకూ సంబంధం ఏమిటి? పైగా ‘ప్రో వెర్షన్ ఉచితం’ అని గ్రూపుల్లో తిరిగే ఏపీకే ఫైలును, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్‌ను, యూపీఐ, బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోనులోనే వేసుకుంటున్నారు. వెయ్యి రూపాయల సెన్సరు ఆదా చేయబోయి ఖాతా మొత్తాన్ని గుమ్మంలో పెట్టడం ఇది. సిమ్ లేని పాత ఫోను ఉంటే దానిలో వేసుకోండి, కోడు చదవండి, అడాప్టర్ తీసి డ్రాయరులో పడేయండి.

అసలు ఈ అడాప్టర్ల బజారు పుట్టడానికి కారణం కార్లు రూపొందించేవారే. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఈ పోర్టు తప్పనిసరి. మన దగ్గర కూడా ఓబీడీ-2 నిబంధన, అంటే కారు తన లోపాలను తానే కనిపెట్టి ఈ పోర్టు ద్వారా చెప్పాలన్నది, 2013 నుంచి ఉంది. కంప్యూటర్‌కు ఏ లోపమో తెలుసు, దాన్ని గుర్తుపెట్టుకోవడమూ తెలుసు. పాట పేరు, వాతావరణం, ఫోను చేసినవారి ఫొటో చూపించే పది అంగుళాల తెరకు పీ0420 అని ఐదు అక్షరాలు చూపించడానికి అడ్డేమిటి? అది చేయరు. పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగించి, సర్వీసు సెంటరుకు రమ్మంటారు. అక్కడ కోడు చదవడానికే బిల్లు వేస్తారు. అది భరించలేకే జనం ఊరూ పేరూ లేని అడాప్టర్లు కొంటున్నారు.

ఇదే వరుసలో రెండు చిన్న ప్రశ్నలకు కూడా జవాబు. 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో సెన్సర్లు పాడవుతున్నాయా అని చాలామంది అడిగారు. అచ్చమైన పెట్రోలు ఒక పాలు మండడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలు. అందుకే కంప్యూటర్ ఇంధనం కాస్త ఎక్కువ చిమ్ముతుంది. పాత కార్లలో ఆ సర్దుబాటు హద్దు దాటితే, గాలికి తగ్గ ఇంధనం అందడం లేదనే పీ0171 కోడుతో లైటు వెలగవచ్చు. అప్పుడు కూడా సెన్సరు తన పని తాను చేస్తున్నట్టే.

రెండోది, వెనుక సెన్సరు కింద స్పేసర్, అంటే దాన్ని పొగకు కాస్త దూరం జరిపే చిన్న ముక్క, పెట్టించి లైటు ఆర్పేయవచ్చా అని. ఆరుతుంది. కన్వర్టర్ మాత్రం బాగుపడదు. బీఎస్-4 నుంచి పెట్రోల్ కార్లకు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.3 శాతం. పొల్యూషన్ పరీక్ష సరిగ్గా చేసే చోటికి వెళ్తే సైలెన్సరులో పెట్టిన పరీక్ష గొట్టమే నిజం చెప్పేస్తుంది.