పేషెంట్ చెయ్యి పట్టుకునే ముందు

అమ్మలూ,

న్యూరో వార్డులో పోస్టింగ్ పడిందనీ, పక్షవాతం వచ్చిన ఒక పెద్దావిడ కుడి చెయ్యి ఎంత లాగినా లేవడం లేదనీ రాశావు. ఆ "లాగినా" దగ్గరే నా మనసు ఆగిపోయింది. లాగకు తల్లీ. కండల పట్టు పోయిన భుజంలో కీలు జారి ఉండొచ్చు. కొత్తలో నేను ఒకాయన్ని చెయ్యి పట్టి మంచం మీంచి లేపాను. తర్వాత నెల్లాళ్ళు ఆ భుజం ముట్టుకోనివ్వలేదాయన. ఇప్పటికీ ఎవరిని లేపినా నా అరచెయ్యి ముందు వాళ్ళ రెక్క ఎముక వెనక్కే పోతుంది.

ఆవిడకి పనికొచ్చేది పీఎన్‌ఎఫ్, అంటే తాకిడితో, ఎదురు బలంతో నరాలకీ కండలకీ కదలిక మళ్ళీ నేర్పే పద్ధతి. దాన్ని 1940ల్లో అమెరికాలో డాక్టర్ హెర్మన్ కాబట్, ఆయనతో పనిచేసిన ఫిజియో మార్గరెట్ నాట్ రూపుదిద్దారు. మన కదలికలు తిన్నగా సాగవు, ఏటవాలుగా, మెలి తిరుగుతూ సాగుతాయి. ఆ ఏటవాలు దారులకి పెట్టిన పేర్లు డీ1, డీ2 అని బట్టీ పట్టే బదులు పైట వేసుకోవడం గమనించు. తుంటి పక్కనున్న కుడి చెయ్యి బయటికి మెలి తిరిగి, ఛాతీ మీదుగా ఎడమ భుజానికి చేరుతుంది. డీ1 ఫ్లెక్షన్, అంటే డీ1 దారిలో చెయ్యి పైకి లేవడం, దాదాపు అదే. ఒరలోంచి కత్తి దూస్తే డీ2.

ఆవిణ్ణి పైట సర్దుకోమను. కుడివైపు పడిపోయినవాళ్ళకి చాలాసార్లు మాట కూడా దెబ్బతింటుంది కాబట్టి నీ చేత్తో చేసి చూపించు. మొదట నువ్వే నాలుగైదుసార్లు నెమ్మదిగా తిప్పు. ఆవిడ చూపు ఆ చేతి వెంటే ఉండాలి. తర్వాత సాయం పట్టమను. నీ వేళ్ళు ఆవిడ అరచేతిలోనే ఉండాలి, చెయ్యి వెనక తాకకు, చర్మానికి రెండు కబుర్లు అందుతాయి. కాస్త కదలిక వచ్చాకే ఎదురు బలం పెట్టు. చెయ్యి వణికిందంటే ఎక్కువ పెట్టావన్నమాట.

ఇంట్లోవాళ్ళు "గట్టిగా రుద్దమ్మా" అంటారు. మర్దనతో పడిపోయిన చెయ్యి లేవదని వాళ్ళకి ఓపిగ్గా చెప్పు. వాపు తగ్గుతుంది, బిగుతు కాస్త వదులుతుంది. అందుకు మణికట్టు నుంచి చంక వైపు తేలిగ్గా నిమిరితే చాలు. ఒక్క కాలి పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం ఎవరు బతిమాలినా చెయ్యి వెయ్యకు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెంటనే డాక్టర్ని పిలువు.

రేపు ఆవిడ చెయ్యి ఎంతదాకా వచ్చిందో రాయి. బొటనవేలు మెదిలినా సరే, రాయి.

నీ పెద్దమ్మ